మన రక్షణ కణాలు మన ఒంటి జోలికి ఎందుకు రావు? పాపకి షుగర్ వచ్చిన ఒక అమ్మ ప్రశ్నకి జవాబు

ప్రశ్న: మాది కందుకూరు. మా పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. రెండు నెలల కిందట బాగా చిక్కిపోయి, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేచి నీళ్లు తాగుతుంటే ఒంగోలు తీసుకెళ్లాం. టైప్ 1 షుగర్ అన్నారు. ఇన్సులిన్ వేస్తున్నాం. “మీ పాప రక్షణ కణాలే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేశాయి” అని డాక్టర్ గారు చెప్పారు. మరి గుండెనీ కాలేయాన్నీ వదిలేసి వాటినొక్కటినే ఎందుకు చంపాయి? అందరి ఒంట్లోనూ అవే కణాలుంటే మిగతా పిల్లలకి ఎందుకు రాలేదు? మా అత్తమ్మ ఇమ్యూనిటీ పెంచే చూర్ణం తెప్పించారు. వాడొచ్చా? బాబుకి కూడా ఈ జబ్బు వస్తుందా?

జవాబు:

అమ్మా, ముందుగా చూర్ణం సంగతి. అది పక్కన పెట్టండి. ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. ఎందుకంటున్నానో మీ మొదటి ప్రశ్నకి జవాబు తెలిస్తే అర్థమవుతుంది కాబట్టి చూర్ణం దగ్గరికి మళ్లీ తర్వాత వస్తాను.

నేను పశువుల డాక్టర్ని. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మనిషికి మందు చీటీ రాసే అర్హత నాకు లేదు. పాప మోతాదులు మీ డాక్టర్ గారే చూడాలి. కానీ మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదో ఏట ఇదే జబ్బు వచ్చింది. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఒక బిడ్డ తండ్రి. మీరు అడిగిన ప్రశ్నే ఆ రోజు మా చెల్లెలు నన్ను అడిగింది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను. ఈ ప్రశ్నకి మొదటి గట్టి ఆధారం దొరికింది ఆవుల దగ్గర, అందుకని నాకు ఇది ఇంకా దగ్గరి విషయం.

1900 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేశాడు. ఒక మేక రక్తాన్ని ఇంకో మేకకి ఎక్కిస్తే, ఎక్కించుకున్న మేక ఆ రక్తకణాల్ని పగలగొట్టే పదార్థాల్ని తయారుచేసుకుంది. తన రక్తకణాల్ని పగలగొట్టే పదార్థం మాత్రం ఏ మేకా తయారుచేసుకోలేదు. ఆ రెండూ ఒకే మందలో మేసే మేకలు కావచ్చు, చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. అయినా తన రక్తమేదో ఆ మేక ఒంటికి తెలుసు. ఎలా తెలుసు? పుట్టుకతోనే రాసిపెట్టి ఉందా, పెరుగుతూ నేర్చుకుందా? దాదాపు నలభై ఐదేళ్లు ఎవరూ తేల్చలేదు.

మన రైతులకి తెలిసిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆవుకి కవలలు పుట్టి, ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్య అయితే, ఆ పెయ్య సాధారణంగా చూడి కట్టదు. పదింట తొమ్మిది అంతే. టంగుటూరు పక్క ఊళ్లో ఒక రైతు అలాంటి పెయ్యని మూడేళ్లు మేపి, ఎన్నిసార్లు సూది వేయించినా నిలవడం లేదని నా దగ్గరికి తోలుకొచ్చాడు. కవలల్లో పుట్టిందని ఆ రోజు మాటల్లో చెప్పాడు. ముందే తెలిసి ఉంటే మూడేళ్ల మేత మిగిలేది. కారణమేమిటంటే, ఆవు కడుపులో రెండు దూడల మాయలూ కలిసిపోయి రక్తనాళాలు ఒకటవుతాయి. కోడెదూడ రక్తం, దాంతోపాటు హార్మోన్లు పెయ్యలోకి వెళ్లి దాని గర్భసంచి సరిగా ఎదగదు.

1945లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే ఆయన ఇలాంటి కవల దూడల రక్తం పరీక్షించి ఒక వింత గమనించాడు. ప్రతి దూడ రక్తంలోనూ రెండు రకాల కణాలున్నాయి. ఒకటి తనది, రెండోది తోడబుట్టినదానిది. అవి పుట్టిన కొన్నాళ్లకి పోలేదు, దూడలు పెద్దయ్యాక కూడా ఉన్నాయి. ఎర్లిక్ మేకల లెక్క ప్రకారం పరాయి రక్తం కాబట్టి ఎప్పుడో పగలగొట్టి పారెయ్యాలి. కానీ ఆ దూడల ఒళ్లు వాటిని తనవిగానే చూసుకుంది.

ఇంగ్లండ్‌లో పీటర్ మెడవార్ బృందం కవల దూడల చర్మాన్ని ఒకదానిది ఇంకోదానికి అతికించి చూసింది. అదీ అతుక్కుంది. ఇక 1953లో ఎలుకల మీద నేరుగా పరీక్ష చేశారు. ఇంకా తల్లి కడుపులోనే ఉన్న ఎలుకపిల్లలకి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించారు. అవి పుట్టి పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని అతికిస్తే ఒప్పుకున్నాయి, మూడో జాతి చర్మాన్ని అతికిస్తే రాల్చేశాయి. మెడవార్‌కీ, ఇలా జరుగుతుందని ముందే ఊహించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌కీ 1960లో నోబెల్ ఇచ్చారు. ఓవెన్‌కి అందులో భాగం రాలేదు. నాకది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

దీన్నిబట్టి తెలిసిందేమిటంటే, “ఇది నాది” అన్నది ఒంటికి ముందే రాసిపెట్టి లేదు. రక్షణ వ్యవస్థ తయారవుతున్న కాలంలో ఎదురుగా ఏది ఉంటే దాన్ని తనదిగా తీసుకుంటుంది. కోళ్ల మధ్య పెరిగిన కుక్కపిల్ల పెద్దయ్యాక ఆ కోళ్ల జోలికి పోదు, చూసే ఉంటారు. కొంతవరకు అలాంటిదే. అయితే కుక్కపిల్ల మనసు మార్చుకుంటుంది. రక్షణ కణం మనసు మార్చుకోదు. ఒంటికి సరిపడని కణాన్ని ఒళ్లు చాలావరకు చంపేస్తుంది. అది ఎక్కడ, ఎలా అన్నది చెప్తాను. మీ పాప సంగతి అక్కడే మొదలవుతుంది.

మన రక్షణ కణాల్లో టీ కణాలని ఒక రకం ఉన్నాయి. ఇవి ఎముకల్లోని మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనకాల ఉండే థైమస్ అనే గ్రంథికి వెళ్లి అక్కడ తయారవుతాయి. ప్రతి కణమూ తన ఒంటిమీద ఒక కొక్కెం లాంటిది తయారుచేసుకుంటుంది. ఆ కొక్కేనికి ఏ ఆకారం తగులుకుంటుందో ఆ ఆకారాన్నే ఆ కణం గుర్తిస్తుంది, జీవితాంతం అదొక్కటే. కొక్కేన్ని తయారుచేసే జన్యువు ముక్కల్ని పేకముక్కలు కలిపినట్టు కలిపేసి, ఏది పడితే అది తీసుకుంటుంది. అలా గుడ్డిగా చెయ్యడానికి కారణముంది. రేపు ఏ కొత్త క్రిమి వస్తుందో ఒంటికి తెలియదు. కోట్ల రకాల కొక్కేలు సిద్ధంగా ఉంటే వాటిలో ఏదో ఒకటి దానికి తగులుకుంటుంది. కరోనా వైరస్‌ని మన తాతముత్తాతలెవరూ చూడలేదు. అయినా దాన్ని పట్టుకోగల కణాలు మన ఒంట్లో అది రాకముందే ఉన్నాయి.

కానీ గుడ్డిగా తయారుచేస్తే కొన్ని కొక్కేలు మన గుండెకీ, మన థైరాయిడ్‌కీ, మన ఇన్సులిన్‌కీ తగులుకునేవి కూడా వచ్చి తీరతాయి. అమ్మా, ఈ మాట గట్టిగా పట్టుకోండి. మనల్ని మనమే కొట్టుకోగల కణాలు మీ పాప ఒంట్లోనే కాదు, నా ఒంట్లో, మీ ఒంట్లో, మీ అత్తమ్మ ఒంట్లో కూడా పుడుతూనే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో వాటిని ఏరెయ్యడమో, ఆపి ఉంచడమో జరుగుతోంది.

మొదటి ఏరివేత థైమస్‌లో. గొర్రెపిల్ల ఏదైనా చనిపోతే పోస్ట్‌మార్టం చేసేటప్పుడు ఈ గ్రంథిని చాలాసార్లు చూశాను. మన నెల్లూరు జాతి పిల్లల్లో గొంతు పక్క నుంచి రొమ్ములోకి లేత రంగులో మెత్తగా, గుత్తులు గుత్తులుగా ఉంటుంది. అదే ముసలి గొర్రెలో అయితే అక్కడ కొవ్వు తప్ప పెద్దగా కనపడదు. మనుషుల్లోనూ అంతే, చిన్నతనంలో పెద్దదిగా ఉండి, వయసొచ్చాక కుంచించుకుపోతుంది. అందుకే చాలాకాలం దీన్ని ఎందుకూ పనికిరాని అవయవమనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి దీన్ని తీసేసి చూస్తే, అవి జబ్బుల్ని తట్టుకోలేకపోయాయి, పరాయి చర్మాన్ని అతికించినా రాల్చలేకపోయాయి. అప్పుడు తెలిసింది దీని విలువ.

థైమస్‌లో ప్రతి టీ కణానికీ ఒంటి సొంత ముక్కల్ని చూపిస్తారు. అసలు ఏదీ గుర్తుపట్టలేని కణం పనికిరాదు కాబట్టి చనిపోతుంది. ఒంటి ముక్కకి మరీ గట్టిగా తగులుకున్న కణం ప్రమాదం కాబట్టి దాన్నీ చంపేస్తారు. నూటికి తొంభై ఐదుకు పైగా కణాలు అక్కడే చనిపోతాయి. ఇంత నష్టానికి ఒళ్లు ఒప్పుకుందంటే, ఆ ఏరివేత ఎంత అవసరమో చూడండి.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఇన్సులిన్ తయారయ్యేది పాంక్రియాస్‌లో. అది పొట్టలో ఉంటుంది. మరి రొమ్ములో ఉన్న థైమస్‌లో ఇన్సులిన్ ముక్కని ఎలా చూపిస్తారు? శాస్త్రవేత్తలు కూడా చాలా ఏళ్లు ఇక్కడే ఆగిపోయారు. జవాబు ఒక అరుదైన జబ్బు వల్ల దొరికింది. ఫిన్లాండ్‌లోనూ, ఇటలీలోని సార్డీనియా దీవిలోనూ కొన్ని కుటుంబాల పిల్లల్లో ఒక గ్రంథి తర్వాత ఒక గ్రంథి సొంత రక్షణ కణాల దెబ్బకి పాడవుతూ ఉండేది. 1997లో దానికి కారణమైన జన్యువుని పట్టుకుని, దానికి ఎయిర్ అని పేరు పెట్టారు. ఈ జన్యువు థైమస్‌లోని కొన్ని కణాల్లో పనిచేస్తుందని, ఎక్కడెక్కడి అవయవాలవో వేల రకాల ప్రోటీన్లని చిటికెడు చిటికెడు అక్కడే తయారుచేయిస్తుందని 2002లో ఎలుకల్లో తేలింది. భూసార పరీక్షకి పొలం నాలుగు మూలల నుంచీ గుప్పెడు గుప్పెడు మట్టి తెచ్చి ఒకచోట పెట్టినట్టు, ఒంట్లోని ప్రతి మూల నుంచీ ఒక నమూనా అక్కడ ఉంటుంది. ఇది చదివినరోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. అంత అందమైన ఏర్పాటు ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు “మిగతా పిల్లలకి ఎందుకు రాలేదు” అన్న మీ ప్రశ్నకి ఒక ముక్క జవాబు. థైమస్‌లో ఇన్సులిన్ నమూనా అందరికీ ఒకే మోతాదులో తయారవదు. ఇన్సులిన్ జన్యువు పక్కనే ఉండే ఒక భాగం కొందరిలో పొడుగ్గా, కొందరిలో పొట్టిగా ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్ల థైమస్‌లో ఇన్సులిన్ ఎక్కువ తయారవుతుంది, దాన్ని కొట్టే కణాలు బాగా ఏరివేతకి గురవుతాయి, వాళ్లకి టైప్ 1 షుగర్ తక్కువగా వస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లలో ఎక్కువ కణాలు తప్పించుకుంటాయి. తల్లిదండ్రులు చేసిన తప్పేమీ ఇందులో లేదు. ముక్కల్ని కణానికి చూపించే హెచ్ఎల్ఏ అనే ప్రోటీన్ల రకం కూడా ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. ఈ జబ్బు విషయంలో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం వాటిదే.

ఎంత ఏరినా కొన్ని తప్పించుకుని రక్తంలోకి వస్తాయి. ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలో వెతికినా అలాంటి కణాలు దొరుకుతాయి. మరి అవి ఎందుకు ఊరుకుంటున్నాయి?

టీ కణానికి కొక్కెం తగులుకోవడం ఒక్కటే చాలదు. ఆ ముక్కని చూపించే కణం “ఇక్కడ ప్రమాదముంది” అని రెండో సంకేతం కూడా ఇవ్వాలి. క్రిమి ఆనవాళ్లు కనపడితేనో, కణాలు చితికిపోతేనో ఆ సంకేతం వస్తుంది. రెండోది లేకుండా మొదటిది మాత్రమే అందితే ఆ టీ కణం మొద్దుబారిపోతుంది. తర్వాత పిలిచినా పలకదు.

దీన్ని నేను నా ఒంటిమీద తెలుసుకున్నాను. 1986లో పొదిలి వైపు పనిచేసేటప్పుడు ఒక గేదె చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యిపెట్టి వెతికాను. మూడోరోజు అది చచ్చిపోయింది, దానికి పిచ్చికుక్క కరిచిన సంగతి అప్పుడు బయటపడింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నాను. ఆ పాత టీకా 1911లో కసౌలీలో సెంపుల్ అనే డాక్టర్ తయారుచేసిన పద్ధతి. గొర్రె మెదడులో వైరస్‌ని పెంచి, కార్బాలిక్ ఆమ్లంతో దాన్ని చంపి, ఆ మెదడు గుజ్జునే ఇంజెక్షన్‌గా ఇచ్చేవాళ్లు. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ చాలా కొద్దిమందికి టీకా మధ్యలోనో, తర్వాతో కాళ్లు చచ్చుబడేవి, కొందరికి మెదడు వాచేది. రోగం వైరస్‌ది కాదు. గొర్రె నరాల మీద ఉండే కొవ్వుపొర మన నరాల పొరని పోలి ఉంటుంది. దాన్ని రోజూ చర్మం కింద ఎక్కిస్తూ, దాంతోపాటే ప్రమాద సంకేతం కూడా ఇస్తే, అప్పటిదాకా ఊరికే ఉన్న కణాలు మేలుకుని సొంత మెదడు మీద పడ్డాయి. ఆ కణాలు టీకా తెచ్చిపెట్టినవి కావు. ఆ మనిషిలో ముందే ఉన్నాయి. ఆ పద్నాలుగు రోజులూ ఉదయం లేవగానే కాళ్లు కదుపుకుని చూసుకునేవాణ్ణి. 2004 చివరితో ఆ టీకాని మన దేశంలో ఆపేశారు. ఇప్పటి కుక్కకాటు టీకాలో మెదడు గుజ్జు ఉండదు, దానికి భయపడక్కర్లేదు. కుక్క కరిస్తే తప్పకుండా వేయించుకోవాలి.

మూడో కాపలా అన్నిటికంటే ముఖ్యమైనది. 2025లో నోబెల్ దీనికే ఇచ్చారు. జపాన్‌కి చెందిన షిమోన్ సకాగుచి 1995లో టీ కణాల్లోనే ఒక చిన్న వర్గం వేరే పని చేస్తోందని చూపించాడు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక నుంచి టీ కణాల్ని తీసి, వాటిలోంచి ఆ చిన్న వర్గాన్ని మాత్రం తొలగించి, మిగతావి టీ కణాలు లేని ఎలుకకి ఎక్కించాడు. ఆ ఎలుకకి థైరాయిడ్, కడుపు, అండాశయం వరసగా దెబ్బతిన్నాయి. తొలగించిన వర్గాన్ని తిరిగి కలిపి ఎక్కిస్తే జబ్బు రాలేదు. అంటే ఆ చిన్న వర్గం మిగతా కణాల్ని అదుపులో పెడుతోంది. వాటిని టీ రెగ్ కణాలంటారు. నేను అదుపు కణాలంటాను.

అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ఇద్దరు ఇంకో దారిలో వచ్చారు. చర్మం పొలుసులు పొలుసులుగా లేచి, కొద్ది వారాల్లోనే చచ్చిపోయే ఒక ఎలుకల వంశం ఉంది. అందులో మగపిల్లలే చనిపోతాయి. అందులో పాడైన జన్యువు ఏదో 2001లో పట్టుకున్నారు. దాని పేరు ఫాక్స్‌పీ3. అదే జన్యువు పాడైన మగబిడ్డలు మనుషుల్లోనూ ఉన్నారు. వాళ్లకి అదుపు కణాలు సరిగా పనిచెయ్యవు. పుట్టిన కొద్ది వారాల్లో, నెలల్లో ఆగని విరేచనాలు, ఒంటినిండా గజ్జి లాంటి దద్దుర్లు, టైప్ 1 షుగర్ వస్తాయి. నా కళ్లు తెరిపించిన సంగతి ఇది. ఆ పసిబిడ్డలకి థైమస్ ఉంది, మిగతా ఏర్పాట్లన్నీ ఉన్నాయి, పోయింది అదుపు కణాలే. అవి పోగానే పాంక్రియాస్ మీద దాడి మొదలైంది. అంటే మనందరిలోనూ ఈ రోజు, ఈ నిమిషం, ఆ దాడిని ఎవరో చేత్తో ఆపి పట్టుకున్నట్టే లెక్క.

ఇక మీ పాప దగ్గరికి వద్దాం. పాపకి జబ్బు రెండు నెలల కిందట మొదలవలేదు. లోపల నెలల నుంచో, ఏళ్ల నుంచో నడుస్తూ ఉంటుంది. ఇన్సులిన్ కణాలు చాలావరకు పోయాకే దాహం, చిక్కిపోవడం కనపడతాయి. పుట్టుకతో వచ్చిన జన్యువుల వాలు, థైమస్‌లో తప్పించుకున్న కొన్ని కణాలు, వాటిని మేలుకొలిపిన ఏదో ఒక ఇన్ఫెక్షన్ కావచ్చు, అక్కడ అదుపు సడలడం, ఇవన్నీ ఒకచోట కలవాలి. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చి రెండోవాళ్లకి రాకపోవడం మామూలే. జన్యువులొక్కటే కారణమైతే అలా జరగదు. మీరు పాపకి పెట్టిన స్వీట్ల వల్ల రాలేదు, ఆలస్యంగా అన్నం పెట్టినందుకు రాలేదు. మా చెల్లెలు పండక్కి చేసిన అరిసెల్ని తలుచుకుని ఏడాదిపాటు ఏడ్చింది. మీరు ఆ బాధ పడొద్దు.

ఇన్సులిన్ కణాల్నే ఎందుకు చంపాయంటే, ఒక్కో టీ కణానికి ఒక్కటే కొక్కెం. తప్పించుకుని మేలుకున్న కణాలు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల ముక్కల్నే గుర్తిస్తాయి. వాటి గురి ఎంత ఖచ్చితమంటే, పాంక్రియాస్‌లో అదే గుంపులో, పక్కనే ఆనుకుని ఉండే ఆల్ఫా కణాలు చావవు. గుండెని ముట్టకపోవడం అందుకే. అలాగని గుండె ఎప్పుడూ క్షేమమని కాదు. పిల్లల గొంతునొప్పికి కారణమయ్యే ఒక బ్యాక్టీరియా గుండె ప్రోటీన్లని పోలి ఉంటుంది. దాని మీదికి లేచిన దాడి గుండె కవాటాల మీదికి మళ్లుతుంది. దాన్నే రుమాటిక్ జ్వరమంటారు, అది వేరే కథ. మీ పాప విషయంలో గమనించాల్సిందల్లా, ఒకచోట అదుపు సడలినవాళ్లకి ఇంకోచోట కూడా సడలొచ్చు. అందుకే డాక్టర్ గారు అప్పుడప్పుడూ థైరాయిడ్ పరీక్ష, గోధుమ పడని సీలియాక్ జబ్బు పరీక్ష రాస్తారు. అనవసరమైన ఖర్చు అనుకోవద్దు, చేయించండి.

ఇప్పుడు చూర్ణం. కరోనా వచ్చినప్పటి నుంచీ ఇమ్యూనిటీ పెంచుకోవాలన్న మాట ప్రతి ఇంట్లో ఉంది. 2021 మేలో కృష్ణపట్నం దారిలో మందు కోసం నిలబడ్డ జనాన్ని నేను చూశాను. ఆ భయం నాకు అర్థమవుతుంది, మీ అత్తమ్మ ప్రేమా అర్థమవుతుంది. కానీ మీ పాపకి ఇమ్యూనిటీ తక్కువై ఈ జబ్బు రాలేదు. ఉన్న బలం సొంత ఇంటి మీదికి తిరిగి వచ్చింది. ఇంకా పెంచి ఏం చేస్తాం?

నిజంగా ఇమ్యూనిటీని పెంచే మందులు ఉన్నాయి. క్యాన్సర్‌కి వాడతారు. టీ కణాల మీద ఉండే బ్రేకుల్ని అవి తీసేస్తాయి. ఆ బ్రేకుల్ని కనిపెట్టిన ఆలిసన్, హోంజో ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. చావు అంచున ఉన్నవాళ్లని ఆ మందులు నిలబెట్టాయి. అయితే అవి వాడినవాళ్లలో కొద్దిమందికి, అరవై డెబ్బై ఏళ్ల వయసులో, అప్పటిదాకా లేని ఇన్సులిన్ లోటు షుగర్ హఠాత్తుగా వస్తుంది. బ్రేకు తీస్తే ఆగి ఉన్న కణాలు ముందుకొచ్చాయి. మీ చూర్ణంలో అంత శక్తి ఉందని నేననుకోను. లేకపోతే డబ్బు దండగ. ఉంటే అది మీ పాపకి అక్కర్లేని శక్తి. పైగా పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్లో, సీసం లాంటి లోహాలో కలిసి ఉండే ప్రమాదముంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. మీరు ఇన్సులిన్ మొదలుపెట్టి రెండు నెలలైంది. సరిగ్గా ఈ సమయంలో చాలామంది పిల్లలకి షుగర్ తగ్గుతుంది, ఇన్సులిన్ మోతాదు బాగా తగ్గించాల్సి వస్తుంది. మిగిలిన కొద్ది బీటా కణాలకి విశ్రాంతి దొరికి మళ్లీ కాస్త పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ కాలమంటారు. కొన్ని వారాలు, కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది ఉంటుంది. తర్వాత పోతుంది. ఆ రోజుల్లో ఏ పొడి తినిపించినా, పొడి వల్లే తగ్గిందనిపిస్తుంది. కనిగిరి వైపు నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే నమ్మింది. పొడి ఇచ్చిన మనిషి ఇన్సులిన్ మానెయ్యమన్నాడు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక రోజు పిల్లాడికి వాంతులు, కడుపునొప్పి, ఎగఊపిరి మొదలైంది. అజీర్తి అనుకుని ఒక రాత్రి ఆగారు. నెల్లూరు తీసుకెళ్లేసరికి స్పృహ లేదు. అయిదు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. ఇప్పటికీ ఆ తండ్రి ఆ మాట ఎత్తితే తల దించుకుంటాడు. ఆయన తప్పు కాదు, ఈ హనీమూన్ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

పాపకి వాంతులు, కడుపునొప్పి, మాగిన పండు వాసన లాంటి ఊపిరి, బరువుగా లోతుగా ఊపిరి తియ్యడం, వీటిలో ఏది కనపడినా షుగర్ చూసి వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. జ్వరం వచ్చి అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. ఎంత వెయ్యాలో డాక్టర్ గారికి ఫోన్ చేసి అడగండి. బడిలో టీచర్లకి చెప్పండి, షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో కాగితం మీద రాసివ్వండి. మా మేనల్లుడి జేబులో ఎప్పుడూ నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంటాయి, పెళ్లిలో పంచె కట్టుకున్నప్పుడు కూడా నడుముకి కట్టుకున్నాడు. ఫ్రిజ్ లేని చోటికి వెళితే ఇన్సులిన్‌ని నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి, మట్టికుండలో ఉంచండి. మన రోహిణి కార్తె ఎండలకి బయట పెడితే పాడవుతుంది.

పరిశోధన ఆగిపోలేదు. ఆ టీ కణాల జోరు తగ్గించే టెప్లిజుమాబ్ అనే మందుకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. లోపల దాడి మొదలై ఇంకా షుగర్ బయటపడనివాళ్లకి అది జబ్బుని సుమారు రెండేళ్లు వెనక్కి నెడుతుంది. మీ పాప ఆ దశ దాటింది కాబట్టి ఆ అనుమతి తనకి వర్తించదు. అదుపు కణాల్ని పెంచి తిరిగి ఎక్కించే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. అవి వచ్చేదాకా పాపని ఇన్సులిన్‌తో ఆరోగ్యంగా ఉంచుకోవడమే మన పని. 1922 జనవరిలో కెనడాలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు.

చివరగా బాబు సంగతి. తోడబుట్టినవాళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం నూటికి ఐదారుగురికి. అంటే దాదాపు తొంభై ఐదుగురికి రాదు. రోజూ వేలు పొడిచి చూడకండి, వాడు భయపడతాడు. బాబు ఉన్నట్టుండి ఎక్కువ నీళ్లు తాగుతున్నా, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైనా, తింటూనే చిక్కిపోతున్నా ఆ రోజే పాప మిషన్‌తో ఒక చుక్క చూడండి. రెండు వందలు దాటితే మర్నాటి దాకా ఆగకుండా ఒంగోలు తీసుకెళ్లండి. దాడి లోపల మొదలైందో లేదో చెప్పే యాంటీబాడీ రక్తపరీక్షలు కూడా ఉన్నాయి. బాబుకి చేయించాలా వద్దా అన్నది ఈసారి పాపని చూపించడానికి వెళ్లినప్పుడు మీ డాక్టర్ గారిని అడగండి.